టాహో మంచులోకి మొదటిసారి కారు తీసుకెళ్తున్నారా? ముందు ఇంటి దగ్గర ఈ పనులు చేయండి

థాంక్స్‌గివింగ్ దాటిందంటే నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వీకెండ్‌కి టాహో వెళ్తున్నాం, చెయిన్లు కొనాల్సిందేనా?" "మాది ఆల్ వీల్ డ్రైవ్ కదా, మాకెందుకు?" "అమ్మావాళ్లు ఇండియా నుంచి వచ్చారు, ఒక్కసారి స్నో చూపించాలి, ఏ రూట్లో వెళ్లమంటావు?" చెయిన్లంటే మంచు మీద జారకుండా టైరు చుట్టూ తగిలించే గొలుసులు. విడివిడిగా చెప్పేదంతా ఒకచోట ఉంటే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఫ్రీమాంట్, సనీవేల్, శాన్ రమోన్ లాంటి చోట్ల పదేళ్లుగా కారు నడుపుతున్నా, మంచు మీద ఒక్క మైలు కూడా నడపనివాళ్ల కోసం ఇది.

టాహో అంటే సియెర్రా నెవాడా కొండల్లో ఉన్న పెద్ద సరస్సు. బే ఏరియా నుంచి అక్కడికి ముఖ్యమైన దారులు రెండు. ఉత్తరం ఒడ్డుకి, ట్రకీకి వెళ్లాలంటే ఐ-80. అది డానర్ సమ్మిట్ దగ్గర 7,239 అడుగులకి ఎక్కుతుంది. సౌత్ లేక్ టాహోకైతే యూఎస్-50. దాని ఎకో సమ్మిట్ 7,382 అడుగులు. శాక్రమెంటో దాదాపు సముద్రమట్టంలో ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి రెండు గంటల్లోపే ఏడు వేల అడుగులు ఎక్కేస్తాం. కింద పడే వానే పైన మంచుగా పడుతుంది. మీ ఇంటి దగ్గర ఎండ కాస్తోందన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇంకో మాట. మనకి పొగమంచు, గడ్డి మీది మంచు, హిమాలయాల మంచు, ఫ్రీజర్లో పేరుకున్న మంచు, అన్నీ మంచే. రోడ్డు మీద మాత్రం నాలుగు రకాలుగా విడదీసి చూడాలి. అప్పుడే పడిన పొడి మంచు మీద టైరుకి కాస్త పట్టు దొరుకుతుంది. బండ్లు తొక్కి తొక్కి గట్టిపడింది బాగా జారుతుంది. సగం కరిగి చిత్తడిగా ఉన్న స్లష్ స్టీరింగ్‌ని పక్కకి లాగుతుంది. పగలు కరిగిన నీళ్లు సాయంత్రం మళ్లీ గడ్డకడితే బ్లాక్ ఐస్. అన్నిట్లో ప్రమాదకరమైంది అదే, ఎందుకంటే చూడ్డానికి ఉత్త తడి రోడ్డులాగే ఉంటుంది.

ఏమేం కావాలి

- మీ టైరు సైజుకి సరిపోయే చెయిన్లు లేదా కేబుల్ చెయిన్లు, ఒక జత
- గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే పొడవాటి రబ్బరు గ్లవ్స్ (ఉన్ని గ్లవ్స్ రెండు నిమిషాల్లో తడిసిపోతాయి)
- తలకి తగిలించుకునే టార్చి
- మోకాళ్ల కింద వేసుకోడానికి పాత యోగా మ్యాట్
- అద్దం మీది ఐస్ గీకే స్క్రేపర్, మంచు దులిపే బ్రష్
- చిన్న పార
- టైర్ల కింద చల్లడానికి ఒక సంచి ఇసుక, లేదా తడిస్తే ముద్దకట్టని రకం క్యాట్ లిట్టర్ (పిల్లుల పెట్టెలో పోసే గుళికలు)
- జంపర్ కేబుళ్లు, టైర్ ప్రెషర్ గేజ్, ఫోన్ చార్జర్
- మనిషికో దుప్పటి, రోజుకి సరిపడా నీళ్లు, తిండి
- పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు, చంటిపిల్లలుంటే ఒక రోజుకి అదనంగా డైపర్లు, పాలు

తిండి సంగతి తేలిగ్గా తీసుకోకండి. మామూలు రోజున నాలుగు గంటల దారి. తుఫాను పట్టిన శుక్రవారం రాత్రి అదే దారి ఎనిమిది, పది గంటలు పట్టడం మామూలే. ఫ్రీవే మీద బండ్లు ఆగిపోతే పక్కన హోటలేమీ ఉండదు. పులిహోర, చపాతీలు, జంతికలు, ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకోండి. జాకెట్లు, టోపీలు, మాత్రలు ట్రంకులో సూట్‌కేసుల కింద కాకుండా చేతికందేలా సీట్ల దగ్గరే ఉంచండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు తెచ్చుకున్న మంకీ క్యాపులు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. జీన్స్, కాటన్ సాక్సు మాత్రం వద్దు. అవి తడిస్తే ఆరవు.

1. రోజు మీరే ఎంచుకోండి

మొదటి ప్రయాణం తుఫానులో చేయకండి. తుఫాను వెళ్లిపోయి, రోడ్లు శుభ్రం చేసిన మర్నాడు వెళ్లండి. చెట్ల మీద, ఇళ్ల మీద మంచు అలాగే ఉంటుంది, పిల్లలకి కావాల్సింది అదే. నేషనల్ వెదర్ సర్వీస్ సూచన చూడండి. వింటర్ స్టార్మ్ వార్నింగ్ ఉంటే ఆ రోజు వదిలేయండి, కేబిన్ డబ్బులు పోయినా సరే. 2021 డిసెంబర్‌లో డానర్ సమ్మిట్ దగ్గరున్న బర్క్‌లీ యూనివర్సిటీ స్నో ల్యాబ్‌లో ఒక్క నెలలో 200 అంగుళాలకి పైగా మంచు పడింది. క్రిస్మస్ తర్వాత ఐ-80ని రోజుల తరబడి మూసేశారు. అలాంటి వారంలో మీ డ్రైవింగ్ ఎంత బాగున్నా చేయగలిగింది ఏమీ లేదు.

పగటిపూటే వెళ్లి చేరేలా చూసుకోండి. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరడం మనవాళ్లు చేసే అతి పెద్ద తప్పు. చీకటి, అలసట, ట్రాఫిక్, బ్లాక్ ఐస్ నాలుగూ ఒకేసారి ఎదురవుతాయి. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయల్దేరడం ఎంతో నయం.

2. మీ కారుకి ఏ చక్రాలు లాగుతాయో తెలుసుకోండి

క్యామ్రీ, కరోలా, సివిక్, మామూలు ప్రియస్ లాంటివాటికి ముందు చక్రాలు లాగుతాయి. చెయిన్లు ముందు వేయాలి. రియర్ వీల్ డ్రైవ్ టెస్లాకి వెనక చక్రాలు లాగుతాయి, చెయిన్లు వెనక. వెనక చక్రాలు లాగే కారుకి ముందు చెయిన్లు వేసుకుని "ఎక్కడం లేదేంటి" అని నిలబడ్డవాళ్లని చూశాను. అనుమానం ఉంటే ఓనర్స్ మాన్యువల్లో చెయిన్ల పేజీ తీయండి. ఎలాగూ తీయాలి, ఎందుకంటే కొన్ని కార్లకి చక్రానికీ లోపలి భాగాలకీ మధ్య చోటు చాలక చెయిన్లు అసలు వేయొద్దని, లేదా సన్నటి కేబుల్ రకమే వేయమని అందులో రాసి ఉంటుంది. అద్దె కారైతే ఒప్పందం చదవండి. చెయిన్లు వేయకూడదనే షరతు చాలావాటిలో ఉంటుంది.

ఆ తర్వాత టైరు పక్కగోడ చూడండి. ఎం+ఎస్ అనే అక్షరాలుంటే క్యాలిఫోర్నియాలో అది స్నో టైరు లెక్కలోకి వస్తుంది. ఆల్ సీజన్ టైర్ల మీద చాలావరకు ఉంటుంది. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉంటే ఇంకా మంచిది. టైరు గాళ్ల లోతు అంగుళంలో 32వ వంతులు కనీసం ఆరు ఉండాలి. కొలిచే గేజ్ ఆటో షాపుల్లో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఒక్కో టైరుకి లోపల, మధ్య, బయట మూడుచోట్ల కొలవండి. స్పోర్ట్స్ కార్లకి, కొన్ని ఎలక్ట్రిక్ కార్లకి సమ్మర్ టైర్లు వస్తాయి. చలికి వాటి రబ్బరు బిగుసుకుపోతుంది. వాటితో పైకి రాకండి.

ఇక ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకి. అది కదలడానికి, ఎక్కడానికి సాయపడుతుంది. ఆగడానికి ఏమాత్రం సాయపడదు. ఆగేటప్పుడు మీ కారూ పక్కన పోతున్న కరోలా ఒకటే, మీది ఇంకా బరువు. రోడ్డు పక్క గుంటల్లో పడి ఉన్న పెద్ద పెద్ద ఎస్‌యూవీలని చూస్తే ఇది అర్థమవుతుంది. పైగా చెయిన్ కంట్రోల్ (మంచు పడినప్పుడు ఆ రోడ్డు మీద పెట్టే చెయిన్ల నిబంధన) ఉన్నచోట ఆల్ వీల్ డ్రైవ్ కారైనా సరే, చెయిన్లు కారులో ఉండి తీరాలి. అది చట్టం.

3. చెయిన్లు కొనేటప్పుడు మోడల్ చెప్పొద్దు, టైరు చదవండి

టైరు పక్కగోడ మీద 215/55ఆర్17 లాంటి అంకె ఉంటుంది. ఫోటో తీసుకోండి. చెయిన్ పెట్టె మీది పట్టికలో అచ్చంగా అదే అంకె ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మా మొదటి ప్రయాణంలో షాపులో కారు పేరు, సంవత్సరం చెప్పాను, వాళ్లు ఒక పెట్టె ఇచ్చారు. మాది సెకండ్ హ్యాండ్ కారు. పాత ఓనరు పెద్ద చక్రాలు వేయించుకున్నాడని నాకు తట్టలేదు. యూఎస్-50 మీద ట్విన్ బ్రిడ్జెస్ కంటే ముందు చెయిన్లు వేసుకోమని బోర్డు వచ్చింది. రాత్రి తొమ్మిది. వాన, మంచు కలిసి పడుతున్నాయి. పెట్టె అక్కడే మొదటిసారి విప్పాను. చక్రం చుట్టూ కేబుల్ తిప్పి రెండు కొసలూ దగ్గరికి లాగితే కొక్కేనికీ రింగుకీ మధ్య ఇంకా రెండు వేళ్ల దూరం. గాలి తీసి చూశాను, ముందుకి జరిపి చూశాను. వేళ్లకి స్పర్శ పోయింది. నాన్న మంకీ క్యాపు పెట్టుకుని దిగి, ఫోన్ లైటు పట్టుకుని నా వెనక నిలబడ్డారు. ఆయన చెప్పుల మీదకి స్లష్ ఎక్కుతోంది, నేను చూడనే లేదు. పక్క కారుకి చెయిన్లు వేస్తున్న అబ్బాయి ఒక్క చూపు చూసి, "ఇది మీ సైజు కాదు" అని వెళ్లిపోయాడు. వెనక్కి తిప్పి ప్లాసర్‌విల్‌లో మోటెల్లో పడుకున్నాం. నాన్న పాదాలకి వేడి రావడానికి గంట పట్టింది. పెట్టె మీద అంకె చూడడానికి అర నిమిషం చాలు.

కొత్తవాళ్లకి కేబుల్ రకం తేలిక. ఇనుప గొలుసులకి పట్టు ఎక్కువ, బరువూ ఎక్కువ, అన్ని కార్లకీ పట్టవు. మామూలు సెడాన్‌కి కేబుల్ చాలు. సీజన్ మొదట్లోనే కొనండి. కొండ మొదట్లో ఉన్న షాపుల్లో తుఫాను రోజు మీ సైజు దొరకకపోవచ్చు, దొరికినా ధర ఎక్కువ. వాడకపోతే తిరిగి తీసుకునే షాపులున్నాయి, కొనేటప్పుడే అడగండి.

4. డ్రైవ్‌వేలో రెండుసార్లు వేసి తీయండి

ఈ మొత్తంలో ఒక్కటే చేస్తానంటే, ఇది చేయండి. ఒకసారి పగలు, తీరుబడిగా. రెండోసారి చీకటి పడ్డాక గ్లవ్స్‌తో, టార్చి వెలుగులో. ఇద్దరు డ్రైవర్లుంటే ఇద్దరూ వేయాలి.

క) కారుని సమతలంగా ఉన్నచోట పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేయండి. ముందు చక్రాలైతే స్టీరింగ్ కాస్త తిప్పి పెట్టండి, చేయి దూరడానికి చోటొస్తుంది.

చ) చెయిన్‌ని నేల మీద పరిచి చిక్కులు తీయండి. ఒక్క మెలిక ఉన్నా మళ్లీ మొదటికే. కొక్కేల నోళ్లు బయటివైపు ఉండాలి, నున్నటి వైపు రబ్బరుకి తగలాలి.

ట) చక్రం వెనకనుంచి చుట్టి, పైకి ఎక్కించి సమంగా సర్దండి. ముందు లోపలివైపు, అంటే మీకు కనిపించని వైపు కొక్కెం తగిలించండి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చూడకుండా చేత్తో తడిమి తగిలించడం అలవాటు కావాలి.

త) తర్వాత బయటివైపు కొక్కెం. వీలైనంత లాగి బిగించండి. రబ్బరు టెన్షనర్ వస్తే చుట్టూ సమదూరంలో తగిలించండి. మిగిలిన కొసలు వేలాడకుండా లోపలికి దోపండి.

ప) కారుని పదీ పదిహేను అడుగులు ముందుకి జరిపి మళ్లీ బిగించండి. మొదటిసారి బిగించింది తప్పకుండా వదులవుతుంది.

సరిగ్గా పడిందని ఎలా తెలుసుకోవాలి? చక్రం చుట్టూ అడ్డకేబుళ్లు సమదూరంలో ఉండాలి. చేత్తో లాగితే టైరు నుంచి పైకి లేవకూడదు. అతి నెమ్మదిగా నడిపితే క్రమంగా టకటకమనే చప్పుడు రావడం మామూలే. ఠంగు ఠంగుమని ఇనుము కొట్టుకున్నట్టు వినిపిస్తే వెంటనే ఆపండి. ఏదో కొస ఫెండర్‌కి తగులుతోంది, ఇంకాసేపు పోతే బ్రేక్ పైపు తెగుతుంది. పొడి రోడ్డు మీద చెయిన్లతో ఇంతకన్నా తిప్పకండి, అవి పాడవుతాయి, టైరూ పాడవుతుంది.

రెండోసారికి పావుగంటలోపు రెండు చక్రాలకీ వేయగలిగితే మీరు సిద్ధమే. గంట పడితే ఇంకోసారి వేయండి. చెయిన్లు తీయడం కూడా సాధన చేయండి, దాని గురించి ఎవరూ ఆలోచించరు.

5. మిగతా కారు

అద్దం కడిగే నీళ్లు మొదట చూడండి. మనం బే ఏరియాలో పోసేది మామూలు రకం, కొందరు ఉత్త నీళ్లే పోస్తారు. పైన అది గడ్డకడుతుంది. ముందు లారీ చిమ్మిన బురదమంచు అద్దాన్ని కప్పేసినప్పుడు మీట నొక్కితే ఏమీ రాదు. సున్నాకి దిగువన 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తట్టుకునే రకం కొని, పాతది వాడేశాక పోయండి. పోశాక పది సెకన్లు కొట్టి చూస్తే పైపుల్లోకీ కొత్తది చేరుతుంది.

బ్యాటరీ నాలుగేళ్లు దాటితే ఆటో షాపులో పరీక్ష చేయించండి, చాలాచోట్ల ఉచితం. నీళ్లు గడ్డకట్టే చలిలో బ్యాటరీ తన బలంలో మూడో వంతు దాకా కోల్పోతుంది. కూలెంట్ సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ ఉండాలి. ఎవరైనా పంపు నీళ్లు పోసి సరిపెట్టి ఉంటే మార్పించండి. వైపర్లు చారలు గీస్తుంటే కొత్తవి వేయండి.

వాతావరణం ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే టైర్లలో గాలి దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్లో ఉన్న అంకె దాకా గాలి కొట్టించుకోండి. "మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది" అనే మాట వినకండి. కొండ ఎక్కాక హెచ్చరిక లైటు వెలిగితే గేజ్‌తో చూసి కొట్టించుకోండి.

ఎలక్ట్రిక్ కారైతే చలికీ, ఎక్కుడికీ, హీటర్‌కీ కలిపి రేంజ్ బాగా పడిపోతుంది. రోజ్‌విల్‌లోనో, ఆబర్న్‌లోనో బాగా ఎక్కించుకుని, తెర మీద చూపించే అంచనా కన్నా చాలా మిగిలేలా లెక్క వేసుకోండి. పెట్రోలు కార్లు ఆబర్న్ లేదా ప్లాసర్‌విల్‌లో ట్యాంకు నింపుకోవాలి, పైన సగానికన్నా తగ్గనివ్వకూడదు.

6. బయల్దేరే ముందు, దారిలో

క్యాల్ట్రాన్స్ (క్యాలిఫోర్నియా రోడ్ల శాఖ) వాళ్ల క్విక్‌మ్యాప్ యాప్ పెట్టుకోండి. చెయిన్ కంట్రోల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, కెమెరాల్లో రోడ్డు ఎలా ఉందో అందులో కనిపిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే 1-800-427-7623కి ఫోన్ చేసి రోడ్డు నంబరు చెబితే పరిస్థితి వినిపిస్తుంది. ఐ-80 మీదైతే కాల్ఫాక్స్ దాటకముందు ఒకసారి ఆగి, బాత్రూం పని చూసుకుని, మళ్లీ కెమెరాలు చూడండి. వెనక్కి తిరగాలా వద్దా అన్నది అక్కడ తేల్చుకోవడం తేలిక. పైకి వెళ్లేకొద్దీ ఎగ్జిట్లు తగ్గిపోతాయి.

ఫ్రీవే మూసినప్పుడు ఫోన్ మ్యాప్ అడవి రోడ్ల మీదుగా "ఇంకో దారి" చూపిస్తుంది. వెళ్లొద్దు. ఆ రోడ్లకి మంచు తీసే బండి రాదు, సిగ్నల్ ఉండదు. ఐ-80, యూఎస్-50 రెండూ మూసి ఉంటే ఆ రోజుకి దారి లేదు, అంతే.

7. చెయిన్ కంట్రోల్ దగ్గర

మూడు స్థాయిలు. ఆర్-1 అంటే, రెండు చక్రాలు లాగే కార్లకి చెయిన్లు కానీ, లాగే చక్రాలకి స్నో టైర్లు కానీ ఉండాలి. ఆర్-2 అంటే, నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ తప్ప మిగతా అన్నీ చెయిన్లు వేయాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. మామూలుగా ఆర్-3 దాకా రాకముందే రోడ్డు మూసేస్తారు. ఆర్-2 పెట్టిన రోజు మొదటిసారి వెళ్లేవాళ్లు వెనక్కి తిరగాలన్నది నా గట్టి అభిప్రాయం.

బోర్డు కనబడ్డాక తనిఖీ చోటు వరకు దాదాపు మైలు దూరం ఉంటుంది. ఫ్రీవే లేన్‌లో, మలుపులో ఆగకండి. కుడివైపు వెడల్పైన చోటు చూసుకుని, హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత లోపలికి ఆపండి. పిల్లల్ని దిగనివ్వకండి. మీరూ ట్రాఫిక్ వైపు వీపు పెట్టి కూర్చోకండి. జారి వచ్చే బండి హారన్ కొట్టదు.

చేతకాకపోతే అక్కడ డబ్బులు తీసుకుని చెయిన్లు వేసేవాళ్లుంటారు. బ్యాడ్జ్ నంబరు ఉంటుంది. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు, సొంతంగా పని చేసుకునేవాళ్లు. చెయిన్లు అమ్మడానికి, అద్దెకివ్వడానికి వాళ్లకి అనుమతి లేదు. రసీదు అడిగి, దాని మీద బ్యాడ్జ్ నంబరు రాసుకోండి.

చెయిన్లతో స్పీడు గంటకి 25 లేదా 30 మైళ్లు, బోర్డు మీద ఉంటుంది. వేశాక కొద్ది దూరం పోయి, మళ్లీ సురక్షితంగా ఆపి బిగించండి. చెయిన్ కంట్రోల్ ముగిసిందన్న బోర్డు దాటి, ఆగడానికి వీలున్న చోటు చూసుకునే తీయండి.

8. నడపడం

వానాకాలంలో నల్లరేగడి బురదలో బైకు నడిపినవాళ్లకి ఇది సగం వచ్చే ఉంటుంది. అక్కడ ఏం చేసేవాళ్లం? గట్టిగా రైజ్ చేయం, ముందు బ్రేక్ పట్టం, హఠాత్తుగా తిప్పం. ఇక్కడా అంతే. పక్క సీట్లో మూత లేని చారు గిన్నె ఉందనుకోండి. అది ఒలక్కుండా కదలాలి, ఆగాలి, తిరగాలి.

- క్రూజ్ కంట్రోల్ వద్దు. లైట్లు పగలు కూడా వేసి ఉంచండి.
- ముందు బండి ఒక గుర్తు దాటాక మీరు దాన్ని చేరేలోపు ఎనిమిది నుంచి పది సెకన్లు లెక్కపెట్టగలగాలి. ఐస్ మీద ఆగడానికి పొడి రోడ్డు కన్నా పదింతల దూరం దాకా పట్టవచ్చు.
- ఒకేసారి ఒకే పని. ముందు స్పీడు తగ్గించి, తర్వాత తిప్పండి. తిప్పుతూ బ్రేక్ వేయకండి.
- దిగుడులో తక్కువ గేరు వాడండి. ఎల్, బీ, ఎస్ ఏదుంటే అది. ఎలక్ట్రిక్ కార్లలో రీజెన్ (కాలు ఎత్తగానే మోటారే కారుని నెమ్మదింపజేయడం) తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించండి, కాలు ఎత్తగానే చక్రాలు గట్టిగా పట్టేస్తే జారతాయి.
- మంచు తీసే బండిని దాటకండి. దాని వెనకున్న రోడ్డే ఆ క్షణానికి అన్నిటికన్నా మంచి రోడ్డు.
- వంతెనలు, కొండ నీడ పడే మలుపులు ముందు గడ్డకడతాయి. అక్కడికి చేరకముందే నెమ్మదించండి.

వెనకవాళ్లు తొందరపెడితే చోటు చూసుకుని దారివ్వండి. వాళ్ల కోసం స్పీడు పెంచకండి.

చేరాక, వాలు లేని ఖాళీ పార్కింగ్ లాట్ దొరికితే పది నిమిషాలు ఇలా చేయండి. గంటకి 10 మైళ్లలో బ్రేక్ గట్టిగా నొక్కి పట్టండి. కాలి కింద పెడల్ గరగరమని కొట్టుకుంటుంది. అది ఏబీఎస్, అంటే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, పాడవడం కాదు. కొత్తవాళ్లు ఆ అదురుకి భయపడి కాలు తీసేస్తారు. తీయకండి, విడిచి విడిచి నొక్కకండి, అలాగే నొక్కి ఉంచండి. ఆ అదురు ఒకసారి కాలికి తెలిస్తే అసలు సమయంలో మీరు కంగారు పడరు. ఎన్ని అడుగుల్లో ఆగిందో కూడా దిగి చూడండి. ఆ దూరం కళ్లతో చూశాక ముందు బండికి దగ్గరగా వెళ్లరు.

9. జారితే

స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంటే ముందు చక్రాలు జారాయి. యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగ్ ఇంకా తిప్పకుండా కాస్త వెనక్కి తేండి, పట్టు దొరికేదాకా ఆగండి. వెనక భాగం పక్కకి పోతుంటే, కాలు తీసి, మీరు వెళ్లాలనుకున్న వైపు చూసి అటే స్టీరింగ్ తిప్పండి. చెట్టు వైపు చూస్తే చేతులు అటే తిప్పుతాయి. అందుకే చూపు రోడ్డు మీదే ఉండాలి.

10. ఇరుక్కుపోతే

చక్రం తిరుగుతూ కారు కదలకపోతే యాక్సిలరేటర్ తొక్కకండి. కింద మంచు కరిగి, నున్నటి ఐస్ అవుతుంది. దిగి, పారతో చక్రాల ముందూ వెనకా తవ్వండి. ఇసుక లేదా లిట్టర్ చల్లండి. ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా ఆపి, అతి నెమ్మదిగా ముందుకి, వెనక్కి ఊపండి. కదిలాక మళ్లీ ఆన్ చేయండి. ఏమీ లేకపోతే కాళ్ల కింది మ్యాట్లు చక్రాల కింద పెట్టండి, వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు.

ట్రాఫిక్ ఆగిపోయి గంటలు గడుస్తుంటే కారు వదిలి నడవకండి. పెట్రోలు కారైతే ముందు దిగి, సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోలేదని చూడండి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. పిల్లలు నిద్రపోతున్నారనుకుంటారు. గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజిన్ నడిపి, ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి, ప్రతిసారీ గొట్టం చూడండి. ప్రమాదం అనిపిస్తే 911.

11. రాత్రి పార్కింగ్, పొద్దున్న

కేబిన్ డ్రైవ్‌వేలోనే పెట్టండి. చలికాలంలో చాలా వీధుల్లో రోడ్డు మీద రాత్రి పార్కింగ్ నిషేధం, మంచు తీసే బండ్లకి అడ్డం. వైపర్లు పైకి లేపి ఉంచండి. సమతలమైన చోట పార్క్‌లో పెడితే చాలు, చేత్తో లాగే పార్కింగ్ బ్రేక్ తడిసి గడ్డకట్టి పట్టేయవచ్చు.

పొద్దున్నే అద్దం మీద వేడినీళ్లు పోయకండి. పగులుతుంది. ఇది మన ఇళ్లలో ఎవరికో ఒకరికి తప్పకుండా తట్టే ఆలోచన, ముందే చెప్పి ఉంచండి. డీఫ్రాస్ట్ పెట్టి స్క్రేపర్‌తో గీకండి. కారు పైకప్పు మీది మంచు కూడా దులపాలి. వదిలేస్తే మొదటి బ్రేక్‌కి మొత్తం జారి మీ ముందు అద్దం మీద పడుతుంది, లేదా వెనకవాడి మీద పడుతుంది. డ్రైవ్‌వే మూతి దగ్గర మంచు బండి వదిలేసిన గట్టు ఉంటుంది, గడ్డకట్టకముందే పారతో తీయండి.

పిల్లలు జారుడు ఆడడానికి ఫ్రీవే పక్కన, రోడ్డు అంచున ఆపకండి. స్నో పార్క్ పర్మిట్ కొనుక్కుని ఆ స్థలాలకే వెళ్లండి. అక్కడ పార్కింగూ ఉంటుంది, బండ్ల భయమూ ఉండదు.

12. తిరుగు ప్రయాణం

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఒకేసారి దిగుతారు. పొద్దున్నే బయల్దేరితే బ్లాక్ ఐస్ ఉంటుంది, మరీ ఆలస్యమైతే సాయంత్రం మళ్లీ గడ్డకడుతుంది. ఎండెక్కాక పది ప్రాంతంలో కదలడం నా అలవాటు. వీలుంటే సోమవారం సెలవు పెట్టండి.

ఇంటికొచ్చాక కారు కింది భాగం కూడా కడిగించండి, రోడ్డు మీద చల్లిన ఉప్పు పట్టుకుని ఉంటుంది. చెయిన్లని మంచినీళ్లతో కడిగి, గరాజ్‌లో పరిచి, రెండు రోజులు ఆరనివ్వండి. తెగిన కేబుల్, వంగిన కొక్కెం ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి. బాగుంటే చిక్కుల్లేకుండా మడిచి సంచిలో పెట్టి, టైరు సైజు ఒక కాగితం మీద రాసి పైన అంటించండి. టైర్లు మార్చిన రోజున ఆ కాగితం మళ్లీ చూసుకోవాలి.